డబ్బాలో మోత

"ఎండాకాలం రాంగనే ఈ సీపీయూ గిట్ల మొత్తుకుంటదేంది సారూ? లోపల ఏమన్న ఖరాబైందా?"

అచ్చంపేటలో మీసేవ కేంద్రం నడిపేవాళ్లను అడిగినా, డీటీపీ చేసేవాళ్లను అడిగినా, పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే ఫోటో స్టూడియో వాళ్లను కదిపినా ఇదే ప్రశ్న. జనవరిలో నోరెత్తని కంప్యూటర్ ఏప్రిల్ వచ్చేసరికి హోరు మొదలుపెడుతుంది. జూన్‌లో బడుల్లో, కాలేజీల్లో చేరికల కోసం ఆదాయ, కుల ధ్రువపత్రాలకు జనం బారులు తీరే వేళకు, కౌంటర్ అవతల నిలబడ్డ మనిషి చెప్పే ఇంటిపేరు కూడా ఆ మోతలో సరిగ్గా వినపడదు. రిపేరు చేసే పిల్లవాడు వచ్చి బ్లోయర్ కొడతాడు. కొన్నాళ్లు నెమ్మదిస్తుంది. మళ్లీ మామూలే. చివరికి "కూలర్ మార్చాలె అన్నా" అని తేల్చేస్తాడు.

కూలర్ అంటే డబ్బా లోపల ప్రాసెసర్ మీద బిగించే లోహపు రెక్కలు, ఫ్యాను. దాన్ని నిజంగా మార్చాలా? మారిస్తే మోత పోతుందా? విడిభాగాలు కొని ఎవరికి వారు బిగించుకున్న కంప్యూటర్‌లో అయితే ఈ పని సులువు. కంపెనీ బిగించి, సీలు వేసి పంపిన బ్రాండెడ్ డబ్బాలో అంత సులువు కాదు. కూలర్ కొని తెచ్చాక రంధ్రాలు కలవవు, ఎత్తు చాలదు, వైరు ప్లగ్గు పట్టదు. ఎందుకలా జరుగుతుందో తెలియాలంటే, ఆ ఫ్యాను అంత వేగంగా తిరగాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ముందు తెలుసుకోవాలి.

గోరంత జాగాలో అరవై అయిదు వాట్లు

మనం సీపీయూ అని పిలుచుకునే డబ్బాలో అసలు సీపీయూ చాలా చిన్నది. మదర్‌బోర్డు మీద సాకెట్‌లో కూర్చున్న చదరపు బిళ్లే ప్రాసెసర్. పైకి కనబడేది దాని లోహపు మూత మాత్రమే. లెక్కలన్నీ చేసే సిలికాన్ తునక ఆ మూత కింద ఉంటుంది. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో దాని వైశాల్యం చాలావరకు ఒకటి, రెండు చదరపు సెంటీమీటర్లు. బొటనవేలి గోరంత.

ఆ గోరంత జాగాలో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఒక్కో ట్రాన్సిస్టర్ ఒక స్విచ్. స్విచ్ వేసినప్పుడల్లా రవ్వంత విద్యుదావేశం నిండుతుంది, తీసినప్పుడల్లా ఖాళీ అవుతుంది. ఇలా నింపడానికీ వొంపడానికీ ఖర్చయిన కరెంటంతా వేడిగా మారుతుంది. ప్రాసెసర్ దేన్నీ ఎత్తదు, దేన్నీ తిప్పదు కాబట్టి, 65 వాట్లు తీసుకుంటే 65 వాట్ల వేడినీ బయటికి వదలాల్సిందే. వెలుగుతున్న పాతకాలం 60 వాట్ల బల్బును చేత్తో పట్టుకోలేం. ఆ బల్బు వేడి గుప్పెడంత గాజు మీద పరుచుకుంటుంది. ఇక్కడ అంత వేడీ గోరంత సిలికాన్ నుంచి బయటపడాలి.

ఎంత వేడి పుడుతుందన్నది ముఖ్యంగా రెండింటిని బట్టి ఉంటుంది. స్విచ్‌లు సెకనుకు ఎన్నిసార్లు పడుతున్నాయన్నది ఒకటి. ఎంత వోల్టేజీతో పడుతున్నాయన్నది రెండోది. వేగం రెట్టింపైతే వేడి రెట్టింపవుతుంది. వోల్టేజీ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. అందుకే ప్రాసెసర్ తయారీదారులు దశాబ్దాలపాటు వోల్టేజీని తగ్గించడానికే తంటాలు పడ్డారు.

1971లో వచ్చిన ఇంటెల్ 4004లో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. దానికి ఫ్యాను మాట అటుంచండి, లోహపు రెక్కలు కూడా అక్కర్లేదు. 1978 నాటి 8086కూ అంతే. 1993లో 60, 66 మెగాహెర్ట్జ్ వేగంతో, 5 వోల్టుల మీద నడిచే పెంటియమ్ వచ్చాక ప్రాసెసర్ నెత్తిన ఫ్యాను మామూలైపోయింది. ఐబీఎమ్‌లో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు 1974లోనే ఒక ఊరటనిచ్చే సంగతి చెప్పి ఉన్నారు. ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేసేకొద్దీ వోల్టేజీని కూడా అదే పాళ్లలో తగ్గించవచ్చు, కాబట్టి ఎన్ని ట్రాన్సిస్టర్లు కుక్కినా అంతే జాగాలో వేడి పెరగదు అని. సుమారు మూడు దశాబ్దాలు ఆ మాట నిలబడింది. తర్వాత వోల్టేజీని ఇంకా దించబోతే స్విచ్ ఆపినా కరెంటు కారిపోవడం మొదలైంది. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4ను తెస్తామన్న ఇంటెల్ 2004 అక్టోబర్‌లో ఆ ఆలోచననే విరమించుకుంది. వేగం పెంచే దారి మూసుకుపోయాక ఒకే బిళ్లలో రెండు, నాలుగు, ఆరు కోర్లు పెట్టడం మొదలైంది.

మన దగ్గర కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ సమస్యకు వేరే పరిష్కారం ఉండేది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ వరుస కంప్యూటర్లను తయారుచేసిన ఈసీఐఎల్ 1967లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఆ తరం యంత్రాలకు ఏసీ గది కట్టేవారు. యంత్రం కోసం గదిని చల్లబరిచేవారు. ఇప్పుడు నలభై రెండు డిగ్రీల గదిలో, రోడ్డు మీదికి షట్టర్ తెరిచిన దుకాణంలో, ఆ భారమంతా అరచేయంత ఫ్యాను మీద పడింది.

ప్రాసెసర్‌కు కంపెనీ చెప్పే 65 వాట్లు కూడా పూర్తి నిజం కాదు. అది నిలకడగా పనిచేసేటప్పటి లెక్క. ఇంటెల్ ఐ5-10400 అనే మామూలు ప్రాసెసర్‌నే చూడండి. దానికి రాసేది 65 వాట్లు. తొందర పని తగిలితే కొన్ని సెకన్లపాటు 134 వాట్ల దాకా లాగడానికి ఇంటెల్ లెక్కల్లో దానికి వీలుంది. ఐ7-12700కు కాగితం మీద 65, గరిష్ఠంగా 180. డబ్బా బిగించే కంపెనీలు కొన్ని ఆ పరిమితిని తగ్గించి పెడతాయి, కొన్ని పెట్టవు. కూలర్ మాత్రం చాలా డబ్బాల్లో 65 వాట్లకు సరిపోయేదే వస్తుంది.

స్లాబ్ వేసే రోజు

పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు కాబట్టి ఈ పోలిక ఇక్కడి పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటికి స్లాబ్ వేసే రోజు మిల్లరు దగ్గర నుంచి పైకప్పు దాకా మనుషులు వరుసగా నిలబడతారు. కంకర, సిమెంటు కలిసిన మాలు నింపిన తట్ట ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్తుంది. ఈ వరుసలో నడుమ ఒకడు నెమ్మదిగా ఉంటే ఏమవుతుంది? వాడికి ముందున్నవాళ్ల దగ్గర తట్టలు పేరుకుంటాయి. వాడి తర్వాతివాళ్లు ఖాళీ చేతులతో నిలబడతారు. పైకప్పు మీద మాలు పరిచే మేస్త్రీని ఎంత తొందరపెట్టినా లాభం లేదు. అతని దాకా తట్ట రావాలి కదా.

ప్రాసెసర్ నుంచి వేడి బయటికి వెళ్లే దారి అచ్చం ఈ వరుసే. సిలికాన్ తన వేడిని లోహపు మూతకు ఇస్తుంది. మూత పేస్టుకు, పేస్టు కూలర్ అడుగు పలకకు, పలక రెక్కలకు, రెక్కలు గాలికి అందిస్తాయి. ఆ గాలి డబ్బా వెనక కంతలోంచి బయటికి పోవాలి. ఫ్యాను ఈ వరుసలో చివరి మేస్త్రీ. నడుమ ఎవరు నెమ్మదించినా వేడి పేరుకునేది సిలికాన్ దగ్గరే. బోర్డు చూసేది సిలికాన్ వేడిని మాత్రమే. అది పెరిగిందని మేస్త్రీని తరుముతుంది. మోత అక్కడ మొదలవుతుంది.

నెమ్మదించే చేయి చాలాసార్లు పేస్టే. మూత, అడుగు పలక రెండూ చూడటానికి అద్దంలా నున్నగా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఎత్తుపల్లాలే. రెంటినీ ఎంత అదిమి బిగించినా నడుమ గాలి మిగులుతుంది. వేడిని మోయడంలో రాగితో పోలిస్తే గాలి సుమారు పదిహేను వేల రెట్లు బద్ధకస్తురాలు. అందుకే ఆ సందుల్లో వేడిని దాటించే ముద్ద, అంటే థర్మల్ పేస్ట్, నింపుతారు. గాలికంటే అది వంద రెట్లకు పైగా నయం. రాగితో పోలిస్తే మాత్రం చాలా తక్కువ. కాబట్టి సందు నిండితే చాలు, దళసరిగా మెత్తితే అదే అడ్డుగోడ అవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ, రోజూ వేడెక్కి చల్లారేకొద్దీ, పేస్టులోని నూనె అంచులకు జారిపోయి నడుమ ఎండిన పొడి మిగులుతుంది. అయిదారేళ్ల డబ్బాలో కూలర్ ఎత్తి చూస్తే ఇది కంటికే కనబడుతుంది.

రెండోది దుమ్ము. మన చల్క నేలల ఎర్ర దుమ్ము సన్నగా ఉంటుంది. పత్తి తీసే రోజుల్లో దానికి నూగు తోడవుతుంది. కూలర్ మీది ఫ్యాను గాలిని కిందికి, రెక్కల మధ్యకు నెడుతుంది. ఆ గాలితో వచ్చిన నూగు రెక్కల పై అంచున చిక్కుకుంటుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. డబ్బా మూత తీసి పైనుంచి చూసేవాడికి ఇది కనిపించదు, ఫ్యాను అడ్డం ఉంటుంది కాబట్టి. ఫ్యానును విప్పి పక్కన పెడితే కింద బూడిదరంగు దుప్పటి ముక్క కనిపిస్తుంది. గోటితో ఒక మూల లేపితే మొత్తం ఒకే ముక్కగా ఊడివస్తుంది. బ్లోయర్ కొట్టినా మోత మళ్లీ వచ్చిందంటే, పైనుంచి కొట్టిన గాలి ఈ దుప్పటిని రెక్కల్లోకి ఇంకా లోతుగా నెట్టి ఉండవచ్చు.

ఇప్పుడు ఎండాకాలం సంగతి. కూలర్ సత్తాను వాట్‌కు ఎన్ని డిగ్రీలు అని కొలుస్తారు. వరుస మొత్తం కలిపి వాట్‌కు 0.6 డిగ్రీలు అనుకుందాం. 65 వాట్ల దగ్గర ప్రాసెసర్ తన చుట్టూ ఉన్న గాలికంటే 39 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. జనవరిలో గది 25 డిగ్రీలుంటే ప్రాసెసర్ 64 దగ్గర ఆగుతుంది. మే నెలలో గది 42 ఉంటే 81కి చేరుతుంది. డబ్బా లోపలి గాలి గదికంటే ఇంకొన్ని డిగ్రీలు వేడిగానే ఉంటుంది, అదీ కలపాలి. కూలర్ ఏమీ మారలేదు, పని మారలేదు, మారింది గది. ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా చేయలేదు. ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. ఆ గీత దాకా పోనివ్వకూడదని బోర్డు ఫ్యానును పూర్తి వేగానికి తోస్తుంది.

హోరు వేరు, కరకర వేరు

ఫ్యాను చేసే చప్పుడు రెండు రకాలు. ఒకటి గాలి హోరు. రెండోది ఇరుసు చేసే కరకర. చికిత్స వేరు కాబట్టి వీటిని విడదీసి వినాలి.

గాలి హోరు వేగంతో పాటు మామూలుగా పెరగదు, విరుచుకుపడుతుంది. ఫ్యాను వేగం రెట్టింపైతే అది నెట్టే గాలి రెట్టింపవుతుంది. చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. 10 డెసిబెల్స్ పెరిగితేనే చెవికి రెట్టింపు మోతలా అనిపిస్తుంది, కాబట్టి ఇది దగ్గర దగ్గర మూడింతలు. ఇంకో సంగతి. ఏడు రెక్కల ఫ్యాను నిమిషానికి 3,000 సార్లు తిరిగితే సెకనుకు 350 సార్లు ఏదో ఒక రెక్క గాలిని కొడుతూ పోతుంది. ఈ సంఖ్య మనిషి మాటలో ఉండే స్వరాల పరిధిలోనే పడుతుంది. కౌంటర్ అవతలి మాట వినపడకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఫ్యాను పెద్దదైతే కథ మారుతుంది. ఒకే తీరున్న రెండు ఫ్యాన్లలో వ్యాసం ఒకటిన్నర రెట్లైతే, అదే వేగంలో నెట్టే గాలి మూడు రెట్లు దాటుతుంది. 80 మిల్లీమీటర్ల ఫ్యాను 3,000 చుట్లు తిరిగి నెట్టే గాలిని 120 మిల్లీమీటర్లది సుమారు 900 చుట్లతోనే నెట్టగలదు. పెద్ద కూలర్ నిశ్శబ్దంగా ఉండటంలో రహస్యం ఇంతే. దాని మోటారులో మాయేమీ లేదు.

కరకర అలా కాదు. చవక ఫ్యాన్లలో ఇరుసు ఒక సన్నని గొట్టంలో, నూనె పొర మీద తిరుగుతుంది. నూనె ఎండితే ఇరుసు గొట్టాన్ని రాసుకుంటుంది. పొద్దున ఆన్ చేయగానే కరకరలాడి, వేడెక్కాక సర్దుకునే ఫ్యాను ఈ జబ్బుదే. స్టిక్కర్ కింద ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయడం మన దగ్గర పాత చిట్కా. స్టిక్కర్ ఊడేట్టుంటే పనిచేస్తుంది కూడా, కొన్నాళ్ల దాకా. తర్వాత ఫ్యాను మార్చాల్సిందే. కూలర్ మొత్తం మార్చే పని లేదు.

ఇంకో చికాకు ఉంది. ఖాళీగా ఉన్న కంప్యూటర్ ఒక్క క్లిక్ చేయగానే బుస్సుమని లేచి, రెండు క్షణాల్లో చప్పబడుతుంది. సిలికాన్ తునక పలచన. వేడిని దాచుకునే శక్తి దానికి లేదు. ఒక వెబ్ పేజీ తెరిచినంత మాత్రాన సెకనులోపే ఇరవై, ముప్పై డిగ్రీలు ఎగబాకగలదు. బోర్డు వెంటనే ఫ్యానును తరుముతుంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాను రాత్రంతా ఒకే తీరుగా తిరిగితే మనకు నిద్ర పడుతుంది, లేస్తూ పడుతూ ఉండే చప్పుడును మాత్రం చెవి భరించదు. విడిగా అమ్మే మదర్‌బోర్డుల్లో ఫ్యాను రెండు మూడు సెకన్లు ఆగి స్పందించేలా బయోస్‌లో సర్దుకోవచ్చు. బ్రాండెడ్ డబ్బాల్లో చాలావాటికి ఆ వెసులుబాటు ఇవ్వరు. పెద్ద కూలర్ పెట్టినా ఈ లేచిపడటం పూర్తిగా పోదు. అది లేచే ఎత్తు తగ్గుతుంది.

అసలు మోత ప్రాసెసర్ ఫ్యానుదేనా అన్నదీ చూడాలి. డబ్బాలో పవర్ సప్లయ్‌కి ఒక ఫ్యాను, వెనక గోడకు ఇంకో ఫ్యాను, పాత హార్డ్ డిస్క్ ఉండవచ్చు. దినపత్రికను గొట్టంలా చుట్టి ఒక కొన చెవి దగ్గర, రెండో కొన అనుమానం ఉన్న చోట పెట్టి వినండి. కాగితం రెక్కలకు తగలకుండా చూసుకుంటే చాలు. దోషి ఎవరో నిమిషంలో తేలుతుంది.

మూడు కొలతలు, ఒక ప్లగ్గు

కూలర్ మార్చడం చివరి మందు. ముందు దుమ్ము, తర్వాత పేస్టు, ఆ తర్వాత ఫ్యాను, అప్పుడు కూలర్. మన ఊళ్లలో సగానికి సగం కేసులు మొదటి రెండింటితోనే తేలిపోతాయని నా నమ్మకం.

దుమ్ము దులిపే పని ఆరుబయట పెట్టుకోండి. కరెంటు తీగ పీకేయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. బ్లోయర్ గాలికి ఫ్యాను తన హద్దు దాటి తిరిగితే ఇరుసు దెబ్బతింటుంది. అలా తిరిగిన మోటారు తానే కరెంటు పుట్టించి బోర్డులోకి పంపగలదు కూడా.

పేస్టు మార్చాలంటే కూలర్ ఎత్తాలి. ఎత్తేముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి ఆపండి, పేస్టు మెత్తబడుతుంది. ఏఎమ్‌డీ ఏఎమ్4 ప్రాసెసర్లకు ఇది మరీ ముఖ్యం. వాటి అడుగున 1,331 పిన్నులుంటాయి. ఎండిన పేస్టు అతుక్కుని ఉండగా కూలర్‌ను నిటారుగా పీకితే, సాకెట్ తాళం వేసి ఉన్నా ప్రాసెసర్ ఊడి కూలర్‌తో పాటే వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. మరలు వదులు చేశాక కూలర్‌ను కొంచెం కుడికి, కొంచెం ఎడమకు తిప్పండి. పట్టు వదిలినట్టు చేతికే తెలుస్తుంది. అప్పుడు ఎత్తండి. పాత పేస్టు తుడవడానికి ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవం సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో దొరుకుతుంది. కొత్త పేస్టు మూత నడుమ బఠానీ గింజంత పెడితే చాలు, కూలర్‌ను బిగించినప్పటి ఒత్తిడే దాన్ని పరుస్తుంది. మరలను ఒక మూల తర్వాత దాని ఎదుటి మూల చొప్పున, కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక మూలను ముందే పూర్తిగా బిగిస్తే పలక ఏటవాలుగా కూర్చుంటుంది.

ఇవన్నీ చేశాకా మే నెల మధ్యాహ్నం మోత తగ్గకపోతే, అప్పుడు కొత్త కూలర్ గురించి ఆలోచించవచ్చు. బ్రాండెడ్ డబ్బాల్లో చిక్కు ఇక్కడే. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ కొలతలను పాటించే డబ్బా అయితే ఎవరి విడిభాగమైనా పడుతుంది. పెద్ద కంపెనీలు ఆఫీసు డబ్బాలకు చాలాసార్లు తమ సొంత బోర్డు, సొంత కొలత వాడతాయి. వాళ్ల లెక్క వాళ్లకు ఉంది. లక్షల్లో తయారుచేసేటప్పుడు ఒక మర, ఒక పలక తగ్గినా ఆదాయే.

మొదటి కొలత సాకెట్ చుట్టూ ఉన్న నాలుగు రంధ్రాల మధ్య దూరం. ఇంటెల్ పాత 775 సాకెట్‌కు ఇది 72 మిల్లీమీటర్లు. 1150, 1151, 1200 తరానికి 75. 2021లో వచ్చిన 1700కు 78. మూడు మిల్లీమీటర్ల తేడాకే కూలర్ కూర్చోదు. ఏఎమ్‌డీలో 2022 నాటి ఏఎమ్5కు ఏఎమ్4 కూలర్లు చాలావరకు పడతాయి.

రెండోది బోర్డు వెనకవైపు. బజారు కూలర్లలో చాలావాటికి బోర్డు వెనక సొంత పలక బిగించాలి. కొన్ని బ్రాండెడ్ డబ్బాల్లో కూలర్ మరలు బోర్డును దాటి నేరుగా డబ్బా రేకుకు దిగ్గొట్టిన స్తంభాల్లోకి వెళ్తాయి. పలక పెట్టడానికి చోటే ఉండదు. దీన్ని బోర్డు విప్పితే తప్ప చూడలేం, అందుకే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

మూడోది ఎత్తు. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న నిలువు కూలర్లు సుమారు 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. సన్నని డబ్బాలో మూత పడదు. అలాంటి చోట్లకు నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ వంటి 37 మిల్లీమీటర్ల పొట్టి కూలర్లు ఉన్నాయి. వాటితో 65 వాట్లకు మించి ఆశించకూడదు.

ఇక ప్లగ్గు. ఇప్పటి ఫ్యానుకు నాలుగు తీగలు. ఒకటి గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు. మూడోది చుట్టుకు రెండు సంకేతాల చొప్పున తన వేగాన్ని బోర్డుకు చెబుతుంది. నాలుగోది బోర్డు నుంచి వేగం ఆజ్ఞ తెస్తుంది. కొన్ని పాత డెల్ డబ్బాల్లో అయిదు పిన్నులు, కొన్ని హెచ్‌పీ డబ్బాల్లో ఆరు ఉంటాయి. తీగల వరుస కూడా మారవచ్చు. అడాప్టర్ తీగ దొరికితే సరే, అందాజుగా తీగలు కత్తిరించి కలపవద్దు. ఫ్యాను నుంచి వేగం సంకేతం రాకపోతే బోర్డు ఊరుకోదు. హెచ్‌పీ డబ్బాలు 90బీ అనే హెచ్చరిక చూపి ఆగుతాయి. మరీ నెమ్మదిగా తిరిగే ఫ్యానును కూడా కొన్ని బోర్డులు చెడిపోయిందనే అనుకుంటాయి.

ఇన్ని చిక్కులున్నాయి కాబట్టే నేను ఇచ్చే సలహా వేరు. కంపెనీలు ఒకే డబ్బాను చిన్న ప్రాసెసర్‌తోనూ, పెద్ద ప్రాసెసర్‌తోనూ అమ్ముతుంటాయి. పెద్దదానికి వచ్చే కూలర్‌లో చాలాసార్లు రాగి అడుగు, వేడి గొట్టాలు ఉంటాయి. అది మీ డబ్బాలో రంధ్రం, ఎత్తు, ప్లగ్గు అన్నీ కలిసి కూర్చునే అవకాశం ఎక్కువ. కూలర్ పక్కన అంటించిన భాగం నంబరు, డబ్బా మోడల్ పేరు పట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అనే చోట, పాత సామాన్ల దుకాణాల్లో అడగండి. హాజీపూర్ చౌరస్తాలో శ్రీశైలం రోడ్డెక్కి అంతదూరం పోయేముందు, రంధ్రాల పక్కన స్కేలు పెట్టి ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్లండి. రంగు లైట్లు వెలిగే నీటి కూలర్‌ను దుకాణదారు ముందు పెడితే చూసి ఆనందించి రండి. 65 వాట్ల ప్రాసెసర్‌కు అది దండగ.

గొట్టంలో చెంచాడు నీళ్లు

పెద్ద కూలర్లలో కనిపించే ఆ రాగి గొట్టాల గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఈ అధ్యాయం అసంపూర్ణం. పెన్సిల్ లావున్న ఆ గొట్టాన్ని చూసి లోపలంతా రాగే అనుకుంటాం. అది బోలు. లోపలి గాలి తీసేసి, కొద్దిగా నీళ్లు పోసి, రెండు కొనలూ మూసేస్తారు. చెంచాడు కూడా ఉండవు. లోపలి గోడకు రాగి పొడితో చేసిన వత్తి పొర ఉంటుంది. గాలి లేదు కాబట్టి లోపల ఒత్తిడి చాలా తక్కువ, ఆ ఒత్తిడిలో నీళ్లు నూరు డిగ్రీల దాకా ఆగవు, గోరువెచ్చని వేడికే ఆవిరవుతాయి. ఆవిరి ప్రాసెసర్ దగ్గరి కొన నుంచి రెక్కలున్న కొనకు దూసుకుపోతుంది. అక్కడ చల్లబడి మళ్లీ నీరై, వత్తి పట్టుకుని వెనక్కి వస్తుంది. పంపు లేదు, కరెంటు లేదు.

గ్రాము నీళ్లు ఆవిరైతే మోసుకుపోయే వేడి సుమారు 2,400 జౌళ్లు. అంటే 65 వాట్ల ప్రాసెసర్ వేడిని తరలించడానికి దాదాపు 37 సెకన్లకు ఒక గ్రాము ఆవిరైతే చాలు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ 1963లో దీన్ని రూపొందించి చూపినప్పుడు ఆయన దృష్టి అంతరిక్ష యంత్రాల మీద ఉంది. గొట్టాన్ని వంచి నలిపితే వత్తి చితికి నీళ్లు వెనక్కి రావు. పాత కూలర్ కొనేటప్పుడు గొట్టాల మీద సొట్టలున్నాయేమో చూడాల్సింది అందుకే.

మార్చాక చూడాల్సినవి

కంపెనీ ఇచ్చిన చిన్న కూలర్ గాలిని కిందికి ఊదేది. ఆ గాలి ప్రాసెసర్ చుట్టూ ఉన్న వోల్టేజీ భాగాలకు కూడా తగిలేది. నిలువు కూలర్ గాలిని పక్కకు, డబ్బా వెనకవైపు తోస్తుంది. అందుకే నిలువు కూలర్ పెట్టినవాళ్లు వెనక ఫ్యాను పనిచేస్తోందో లేదో తప్పక చూసుకోవాలి. గాలి డబ్బాలోనే సుళ్లు తిరిగితే ఎంత కూలర్ పెట్టినా వృథా.

డబ్బాను కంప్యూటర్ టేబుల్ కింది అరలో దూర్చి పెట్టడం మన అలవాటు. వెనక నుంచి వెళ్లిన వేడి గాలి ఆ అరలోనే నిలిచి ముందు నుంచి మళ్లీ లోపలికి వస్తుంది. డబ్బాను బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో, నేల మీద కాకుండా చిన్న స్టూలు మీద పెడితే చాలు, నాలుగైదు డిగ్రీలు తగ్గినా ఆశ్చర్యం లేదు.

మన పొడి వేసవిలో గదిలో నీళ్ల కూలర్ పెట్టుకోవడం కూడా లెక్కలోకి వస్తుంది. గది పది డిగ్రీలు చల్లబడితే ప్రాసెసర్ కూడా పది డిగ్రీలు చల్లబడుతుంది. ఆ తడి గాలి నేరుగా డబ్బా ముఖాన కొట్టకుండా చూడండి. తేమ తగిలిన దుమ్ము రెక్కల మీద గట్టిగా పట్టేస్తుంది, తర్వాత బ్లోయర్‌కు కూడా ఊడదు.

డబ్బా ఇంకా వారంటీలో ఉంటే మూత తీయకముందే కంపెనీ సర్వీసుకు ఫోన్ చేయండి. వారంటీ దాటితే, ఎండలు ముదరకముందు, ఫిబ్రవరిలోనే ఒక ఆదివారం డబ్బా విప్పండి. ఫ్యానును తీసి దాని కింద ఏముందో చూడకుండా మాత్రం కొత్త కూలర్‌కు డబ్బులు కట్టవద్దు.